మూసి చూడని బావి

కిందటివారం డ్రిల్లరు కూతుర్ని చట్టసభ భవనం వెనక మెట్ల మీద, తమ్ముడికి ఎదురుగా నిలబెట్టి వదిలేశాం. మనం మన పనుల్లో పడి మరిచిపోయినా, పాపం ఆవిడ మాత్రం అక్కడే ఉంది. యాభై దాటిన మనిషి. ఎన్నికల్లో వరసగా గెలుస్తూ వస్తున్న సభ్యురాలు, ఇంధన కమిటీకి అధ్యక్షురాలు. అయినా రాజధానిలో అందరూ ఆవిణ్ణి డ్రిల్లరు కూతురనే అంటారు. చమురు బావులు తవ్వేవాళ్ల కాలనీలో పుట్టి, రిగ్గు చప్పుడు ఆగితే నిద్ర పట్టని ఇంట్లో పెరిగిన మనిషికి ఆ పేరంటే నామోషీ ఏమీ లేదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. పోయిన చలికాలం మనకి గ్యాసు అమ్మే పొరుగుదేశంతో ధర దగ్గర మాటా మాటా పెరిగింది. బేరం కుదిరేదాకా వాళ్లు తమ వైపు వాల్వు బిగించేశారు. దేశంలో పొయ్యిలు ఆరాయి. ఆవిడ నియోజకవర్గంలోని ప్రసూతి ఆసుపత్రిలో బాలింతలు పసిపిల్లల్ని తమ కోట్ల లోపల పెట్టుకుని వణుకుతూ కూర్చున్నారు. కళ్లారా చూసొచ్చిన ఆవిడ, మన ఇంటి పొయ్యి ఇంకెప్పుడూ పరాయివాడి దయ మీద వెలగకూడదని పట్టు పట్టింది. చమురూ గ్యాసూ మన నేలలోనే తవ్వుకోవాలన్న బిల్లు అలా పుట్టింది. బిల్లు ఆవిడదే గానీ, అందులో నాలుగో క్లాజు మాత్రం ఇంధన మంత్రిది. చట్టం వచ్చాక దిగుమతి ఒప్పందం ఒక్కటి కూడా పొడిగించరాదని ఆ క్లాజు అంటుంది. హోటలు నుంచి క్యారియరు వస్తున్నంతకాలం ఇంట్లో వంట మొదలుపెట్టేవాడెవడని ఆయన వాదన. పెట్టుబడిదారులకీ ఆ మాట తెగ నచ్చింది.

ఇంత ధీమా దేన్ని చూసుకుని అంటే, ఉత్తరపు బీడులో పడ్డ కొత్త బావిని చూసుకుని. దాని గొట్టం చివర మంటని మంత్రి తన చేత్తో వెలిగించాడు. అప్పట్నించీ ఆయనకి అగ్గిపెట్టె అని పేరు పడింది. రోజూ సాయంత్రం వార్తలకి ముందు టీవీలో ఆ మంట చూపిస్తారు. బళ్లో పిల్లలు బొమ్మ గీయమంటే దాన్నే గీస్తున్నారు. ఆ బావిని పరీక్షించే పెద్ద ఇంజనీరు మన డ్రిల్లరు కూతురి సొంత తమ్ముడు. ఇవాళ కమిటీ ముందుకు రావలసిన చివరి సాక్షీ అతనే. సాక్షితో విచారణకి ముందు అధ్యక్షురాలు మాట్లాడకూడదు. మాట్లాడినట్టు తేలితే పదవి ఊడుతుంది. అన్నీ తెలిసే ఆవిడ మెట్లు దిగి వచ్చింది.

ఆవిణ్ణి తొలుస్తున్న సంగతి ఒక్కటే. రిగ్గు కాలనీల్లో పుట్టిన ప్రతివాళ్లకీ తెలిసిన పద్ధతి అది. కొత్త బావిని తెరిచి కొన్నాళ్లు గ్యాసు వదులుతారు. ఆ తర్వాత బిగించి మూసేస్తారు. మూసిన బావిలో ఒత్తిడి మళ్లీ మొదటి అంకెకి ఎక్కుతుందా లేదా అని గేజి ముందు కాపలా కూర్చుంటారు. ఎక్కితే కింద ఉన్నది చెరువు. ఎక్కకపోతే చెంబు. వాళ్ల నాన్న బావి మూసిన రోజుల్లో ఇంట్లో ఎవర్నీ గట్టిగా మాట్లాడనిచ్చేవాడు కాదు, గేజి ఎక్కడో రెండు కొండల అవతల ఉన్నా సరే. అటువంటి ఇంట్లో పెరిగిన ఆవిడ టీవీలో ఆ మంటని రోజూ చూస్తోంది. అది ఒక్కరోజైనా ఆరలేదు.

"మూసి చూశారా లేదా? అది చెప్పు," అంది.

తమ్ముడు మెట్ల పైకోసారి చూశాడు. తర్వాత మెల్లగా బయటపెట్టాడు. మూద్దామని అడిగితే మంత్రి ససేమిరా అన్నాడట. మంట ఆరిందంటే బావి ఎండిపోయిందని ఊళ్లో పుకారు లేస్తుందని, బిల్లు నెగ్గేదాకా దాని జోలికి పోవద్దని అన్నాడట. దీపం ఆర్పితే అపశకునం అనుకునే దేశం మనదని ఒక సామెత లాంటి మాట కూడా అన్నాడట.

"అంటే కింద ఎంతుందో?"

"తెలీదక్కా."

ఆవిడ మెట్ల పక్క కమ్మీ పట్టుకుంది. బావి సంగతి తెలియకుండా దిగుమతి ఆపే చట్టం చేయబోతున్నారు. కింద ఉన్నది చెంబే అయితే వచ్చే చలికాలం వాల్వు బిగించడానికి పొరుగుదేశం కూడా అక్కర్లేదు. మన చేత్తో మనమే బిగించుకున్నట్టు.

"అదే మాట లోపల చెప్పు. తెలీదని చెప్పు, చాలు. నాలుగో క్లాజు నేను తీయిస్తాను. బిల్లూ బతుకుతుంది, నువ్వూ బతుకుతావు."

"తెలీదన్నవాడికి రిగ్గు ఎవడిస్తాడక్కా? చట్టం రాకపోతే రిగ్గులు రావు. అవి రాకపోతే రెండో బావి పడదు. రెండోది పడకుండా కింద ఉందో లేదో తేలదు. మన కాలనీలో సగం ఇళ్లకి తాళాలున్నాయి, చూశావుగా. నేనేమన్నా నా జేబు కోసం చేస్తున్నానా?"

అతని మాటలో న్యాయం లేకపోలేదు. అదే ఆవిడ బాధ. నాన్న పోయేనాటికి వీడికి మీసం కూడా మొలవలేదు. తన పెళ్లి వెనక్కి నెట్టుకుని వీణ్ణి చదివించింది. వీడికి జ్వరం వస్తే తను మేలుకుంది, వీడు పరీక్ష తప్పితే తను అన్నం మానేసింది. అబద్ధం ఆడితే మాత్రం చెవి మెలిపెట్టింది. ఆ సంగతే గుర్తొచ్చిందో ఏమో, తమ్ముడు తల వంచుకుని, సరే, తెలీదనే చెప్తానన్నాడు. ఆవిడ అతని కాలరు సరిచేసి పైకి వెళ్లిపోయింది.

కమిటీ గదిలో పొడవాటి బల్ల, దాని చుట్టూ మెత్తటి కుర్చీలు. బల్ల చివర సాక్షి కుర్చీ ఒక్కటే ఉత్త చెక్కది. ఆ గదిలో ఓ ఆచారం ఉంది. ఆ చెక్క కుర్చీలో కూర్చుని, ప్రమాణం చేసి చెప్పిన మాటే మాట. అదే నివేదికలోకి ఎక్కుతుంది, అదే సభ ముందుకు వెళ్తుంది. గదిలో ఇంకెక్కడ నిలబడి ఏం చెప్పినా అది గాలికి పోయినట్టే. కమిటీ కార్యదర్శికి ఈ విషయంలో చాదస్తం పాలు ఎక్కువ. ఒకసారి ఓ సాక్షి వివరం చూపించడానికి పటం దగ్గరికి లేచి వెళ్తే, తిరిగొచ్చి కూర్చునేదాకా ఆయన కలం కింద పెట్టి కిటికీలోంచి పావురాల్ని చూస్తూ కూర్చున్నాడు.

ఆచారం ప్రకారం ఆవిడ ముందే చెప్పేసింది, సాక్షి నా తమ్ముడు అని. అలాంటప్పుడు అధ్యక్షులు ప్రశ్నలు వేయకూడదు. మిగతావాళ్లే అడగాలి. మిగతావాళ్లు అడిగారు. ఉద్యోగాలెన్ని వస్తాయి, పంటభూములకి నష్టం ఉంటుందా, గొట్టాలు ఏ దారిన వేస్తారు అని. తమ్ముడు చక్కగా జవాబులు చెప్పాడు. వెనక వరసలో ప్రత్యేక అతిథిగా కూర్చున్న అగ్గిపెట్టె, పెళ్లికొడుకు మేనమామలా నవ్వుతూ తల ఆడిస్తున్నాడు. బావి మూసి చూసే సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి తెలిస్తే కదా. ఆవిడ నోరు కట్టేసుకుని కూర్చుంది. తమ్ముడు తనంతట తాను చెప్తాడేమోనని చూసింది. అతను చెప్పలేదు.

చివరికి సభ్యుల్లో పెద్దాయన, డాక్టరు, గొంతు సవరించుకున్నాడు. రాజకీయాల్లోకి రాకముందు నలభై పడకల ఆసుపత్రి నడిపిన మనిషి. నాలుగో క్లాజు అంటే మొదట్నించీ ఆయనకి గిట్టదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వ్యవహారం అని ఒకసారి మంత్రి మొహం మీదే అన్నాడు. ఆయన వెంట మరో నలుగురైదుగురు సభ్యులు ఉన్నారు. ఆ పక్కకి వాళ్లు ఒరిగితే క్లాజు పోతుంది, ఈ పక్కకి ఒరిగితే ఉంటుంది.

"ఇంజనీరు గారూ, నాకు బావుల సంగతి తెలీదు. గుండె జబ్బు మనిషి వస్తే మేం నాలుగు మెట్లు ఎక్కించి దింపేవాళ్లం. తర్వాత కూర్చోబెట్టి, నాడి మళ్లీ మామూలుకి వస్తుందా అని చూసేవాళ్లం. మీ బావికి అలాంటి పరీక్ష ఏదీ లేదా?"

ఆ ముసలాయనకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది డ్రిల్లరు కూతురికి.

"ఉందండీ," అన్నాడు తమ్ముడు. "మూసి చూడ్డం అంటాం."

"చూశారా?"

తమ్ముడు గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు. తాగి, గ్లాసు పెట్టి, అక్క వైపు కాకుండా బల్ల వైపు చూశాడు.

"చూశామండీ. ఒత్తిడి పూర్తిగా తిరిగొచ్చింది."

"మరి టీవీలో మంట ఆరినట్టు లేదే?"

"మూసినన్నాళ్లూ మంటకి వేరే చోట నుంచి గ్యాసు ఇచ్చామండీ. జనం కంగారు పడకుండా."

తడుముకోలేదు, తొట్రుపడలేదు. అప్పటికప్పుడు నోటికొచ్చిన అబద్ధమైతే ఆవిడ సగం క్షమించేదేమో. ఇది ఎవరో కూర్చోబెట్టి వల్లె వేయించిన పాఠం. మెట్ల మీద తల వంచుకుని సరే అన్నప్పుడే ఈ పాఠం వాడి నాలుక మీద ఉంది. తన చేత్తో కాలరు సరిచేసి పంపింది దీనికా అనుకుంది ఆవిడ. కోపం కంటే ముందు సిగ్గు వేసింది.

డాక్టరు నిజాయితీపరుడు. మంచి జవాబు వస్తే ఒప్పుకునే రకం. "నా అనుమానం తీరింది," అని కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన వెంట ఉన్నవాళ్ల మొహాలూ తేటపడ్డాయి. అంతటితో నాలుగో క్లాజు నెగ్గినట్టే. ఆవిడ ఒక్కతీ వద్దని ఓటేసినా అది గోడకి కొట్టిన సున్నమే.

టీ విరామం ఇచ్చారు. ఆవిడ కారిడారు చివర కిటికీ దగ్గర నిలబడింది. కప్పు చేతిలో చల్లారిపోతోంది. అగ్గిపెట్టె పక్కన వచ్చి నిలబడ్డాడు. ఆయన మాట ఎప్పుడూ తేనె పూసినట్టే ఉంటుంది, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. మీ తమ్ముడు రత్నమమ్మా అన్నాడు. ఇలాంటివాణ్ణి పెంచిన చేతులకి మొక్కాలన్నాడు. కప్పులో చక్కెర కలుపుతూ అసలు సంగతికి వచ్చాడు.

"పొద్దున వెనక మెట్ల మీద అక్కాతమ్ముళ్లు మాట్లాడుకున్నారట. మావాడు చూశాడు. నేను పట్టించుకోలేదు, ఇంటి మనుషులన్నాక మాట్లాడుకోరా."

"మీకేం కావాలి?"

"నాకేం అక్కర్లేదమ్మా. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, అంతే. మీ పదవి ఒక్కటే కాదు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినవాడికి జైలుంటుంది. అతనికి ఇద్దరు పిల్లలు."

మాట అనేసి ఆయన బిస్కెట్టు తీసుకుని వెళ్లిపోయాడు. ఆవిడ అక్కడే ఉండిపోయింది. మరదలు గుర్తొచ్చింది. వదినా అంటూ వారానికోసారి ఫోను చేసి, పిల్లల చేత అత్తయ్యకి పద్యాలు అప్పజెప్పించే మనిషి. రేపు ఆ పిల్లలకి ఏం చెప్తుంది? మీ నాన్నని జైల్లో పెట్టించింది అత్తయ్యేనని చెప్తుందా? వెంటనే ఆసుపత్రిలో కోట్ల లోపల వణికిన పసిగుడ్లు కళ్ల ముందుకొచ్చాయి. వాళ్లకి ఏ మేనత్తా లేదు. ఉన్నదల్లా ఓటు వేయించుకున్న తను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో, పుట్టి బుద్ధెరిగాక ఆవిడకి ఇప్పుడే పూర్తిగా అర్థమైంది.

గంట మోగింది. అందరూ వచ్చి కూర్చున్నారు. తమ్ముడు సాక్షి కుర్చీ ఖాళీ చేసి, గోడ వారగా ఉన్న బెంచీ మీదకి మారాడు. క్లాజులు ఒక్కొక్కటే చదవడం మొదలైంది. అధ్యక్షురాలు అంకె చదువుతుంది. ఎవరూ కాదనకపోతే బల్ల మీద చేత్తో తడుతుంది. తట్టడంతో అది నెగ్గినట్టు. మొదటిది చదివి తట్టింది. రెండోది, మూడోది కూడా తట్టింది.

నాలుగో అంకె చదివింది. ఎవరూ కాదనలేదు. చెయ్యి గాలిలో ఆగిపోయింది.

కార్యదర్శి ఎదురుచూశాడు. ఎవరో దగ్గారు. ఆవిడ ఎత్తిన చేతిని ఒళ్లో పెట్టుకుని, వయసులో అందరికంటే పెద్దవారు కాబట్టి డాక్టరు గారు దయచేసి వచ్చి తన స్థానంలో కూర్చోవాలని అడిగింది. ఒంట్లో బాగోలేదేమో అనుకుని డాక్టరు గబగబా లేచి వచ్చాడు, అలవాటు చొప్పున నాడి చూడబోయాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, బల్ల పొడుగునా నడిచి వెళ్లి, ఆ చెక్క కుర్చీలో కూర్చుంది.

"ప్రమాణం చేయించండి," అంది.

"ఎవరిచేత అమ్మా?" అన్నాడు కార్యదర్శి. పాతికేళ్ల ఉద్యోగంలో ఆయన అడగాల్సిన అవసరం రాని ప్రశ్న అది.

"నాచేత."

గదిలో గుసగుస లేచింది. అధ్యక్షులే సాక్షి అయితే మళ్లీ ఆ స్థానంలోకి రావడం కుదరదని ఎవరో గుర్తుచేశారు. తెలుసంది. కార్యదర్శి ప్రమాణం చదివాడు, ఆవిడ వెంట పలికింది. తర్వాత ఆయన సాక్షులందరినీ అడిగే మామూలు ప్రశ్న అడిగాడు, ఈ విచారణలో పాల్గొన్నవారితో మీకేమైనా బంధుత్వం ఉందా అని.

"ఉంది. ఇందాక ఇక్కడ కూర్చున్న ఇంజనీరు నా తమ్ముడు. నా చేతుల్లో పెరిగినవాడు. ఇవాళ పొద్దున, మాట్లాడకూడదని తెలిసి కూడా, నేను వెనక మెట్ల మీద అతనితో మాట్లాడాను. అప్పుడు అతను బావి గురించి నాతో చెప్పినది…"

"ఆగక్కా."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. బెంచీ దగ్గర్నుంచి రెండంగలు వేసి, ఆవిడ కుర్చీ పక్కన ఆగాడు. గదిలో ఇంకెవరూ లేనట్టు, ఇంట్లో మాట్లాడినట్టే ఆవిడతో మాట్లాడాడు.

"అది చెప్పకు. నీతో చెప్పింది కూడా నిజం కాదు. ప్రమాణం చేసి నా అబద్ధాన్ని నువ్వు మోయకు."

ఆవిడ తలెత్తి చూసింది.

"మూశామక్కా. మంత్రి గారికి తెలిసే మూశాం. గేజి ముందు నేనే కూర్చున్నాను, నాన్నలాగే. సగం కూడా ఎక్కలేదు. ఉన్నది చెంబే. మిగిలిన ఆ కాస్తా అయిపోయాక, రాత్రిపూట ట్యాంకర్లలో తెచ్చి ఆ గొట్టంలో మండిస్తున్నాం. పొరుగుదేశం దగ్గర కొన్న గ్యాసు. తెలీదని నీకు ఎందుకు చెప్పానంటే, లేదని చెప్పలేక."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట పెదవైతే దాటింది గానీ గది దాటలేదు. కార్యదర్శి కలం కింద పెట్టేసి ఉంది. ఆయన కళ్లు పావురాల మీద లేవు, తమ్ముడి మీదే ఉన్నాయి. అయినా ఆచారం ఆచారమే, ఒక్క ముక్కా రాయలేదు.

డాక్టరు అధ్యక్ష స్థానంలోంచి ముందుకి వంగాడు. ఆయన గొంతు రోగి బంధువులతో మాట్లాడేటప్పటిలా మెత్తబడింది.

"ఇంజనీరు గారూ, మీరు నిలబడి చెప్పింది మేం విననట్టే లెక్క. ఆ కుర్చీలో కూర్చుని చెప్తేనే విన్నట్టు. చెప్తే, ఇందాక అదే కుర్చీలో చెప్పినదానికి ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసండీ."

అప్పుడు వెనక వరసలోంచి అగ్గిపెట్టె లేచాడు. మొహాన చెమట పట్టినా గొంతులో తేనె తగ్గలేదు. సాక్షి కుర్చీలో ఉన్నది ఆవిడ అని గుర్తుచేశాడు. ప్రమాణం చేసింది కూడా ఆవిడే, మొదలుపెట్టిన వాంగ్మూలం పూర్తి చేయనివ్వడం మర్యాద అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆవిడ తరఫున మాట్లాడడం ఇదే మొదలు. ఎందుకు మాట్లాడాడో ఆవిడకి చప్పున తెలిసిపోయింది. తను ఈ కుర్చీలో కూర్చున్నంతసేపూ నివేదికలోకి ఎక్కేది 'మూయలేదట' అనే విన్న మాటే, అదీ నిజం కాదు. తను లేస్తేనే నిజం కూర్చుంటుంది. కానీ నిజంతోపాటు కూర్చునేది తమ్ముడు, లేచాక వాడు వెళ్లేది జైలుకి.

"లే అక్కా," అన్నాడు తమ్ముడు.

ఆవిడ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. డాక్టరు చూస్తున్నాడు, మంత్రి చూస్తున్నాడు. కార్యదర్శి కలం చేతిలోకి తీసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"లే. నేను చెప్తాను."

ఆవిడ లేవలేదు.